షికాగో నగరం: రెండు బేస్‌బాల్ జట్లు, ఒక వీధి

దక్షిణ రాష్ట్రాల నుంచి ఉత్తరాది పారిశ్రామిక నగరాలకు సాగిన నల్లజాతీయుల మహా వలసను గురించి మీరు ఇంతకుముందు చదివారు. 1910లో షికాగోలో సుమారు 44 వేలమంది నల్లజాతీయులుండగా, 1920 నాటికి వారి సంఖ్య లక్షా 9 వేలు దాటింది. వచ్చినవారెందరో జనాభా లెక్కలు చెబుతాయి. వారు ఏ వీధి దాటితే దెబ్బలు తినవలసి వచ్చేదో మాత్రం చెప్పవు. అది తెలుసుకోవడానికి ఈ పాఠంలో మనం కొంచెం విచిత్రమైన ఆధారాన్ని పరిశీలిద్దాం. అది బేస్‌బాల్ మైదానం.

ఆట నియమాలు మీకు తెలియకపోయినా ఇబ్బంది లేదు. షికాగోకు రెండు పెద్ద జట్లున్నాయని గుర్తుంచుకుంటే చాలు. కబ్స్ జట్టు నగరపు ఉత్తర భాగంలో, ఇప్పుడు రిగ్లీ ఫీల్డ్ అని పిలిచే మైదానంలో 1916 నుంచి ఆడుతున్నది. వైట్ సాక్స్ జట్టు దక్షిణ భాగానిది. దాని కొమిస్కీ పార్కు 35వ వీధిలో 1910లో ప్రారంభమయింది. వైట్ సాక్స్ అంటే తెల్ల మేజోళ్లు. ఆ పేరులోని తెలుపుకూ జాతికీ సంబంధం లేదు. అయితే ఒక విశేషం ఉంది. ఆ పేరు మొదట కబ్స్ పూర్వరూపమైన జట్టుది. ఆ జట్టు నాయకుడు క్యాప్ ఆన్సన్ 1880లలో నల్లజాతి ఆటగాళ్లతో కలిసి మైదానంలోకి దిగనని భీష్మించినవాడు. ఆ తరువాత 1947 వరకు పెద్ద లీగుల్లో నల్లజాతివారికి చోటు లేకుండా పోయింది.

కబ్స్ అభిమానులంటే ఉత్తరాది సంపన్న శ్వేతజాతీయులు, సాక్స్ అభిమానులంటే దక్షిణాది కార్మికులూ నల్లజాతీయులూ అని షికాగోలో చాలామంది చెబుతారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని పరీక్షలో దీన్నే రాస్తే మీకు సగం మార్కులే వస్తాయి. ఎందుకో పటం చూస్తే తెలుస్తుంది.

పటంలో వెంట్‌వర్త్ అవెన్యూ అనే వీధిని వెతకండి. అది ఉత్తరం నుంచి దక్షిణానికి నిలువుగా సాగుతుంది. దానికి తూర్పున నల్లజాతీయుల పేటలు, అంటే బ్లాక్ బెల్ట్. పడమర ఐరిష్ కార్మికులు ప్రధానంగా ఉన్న బ్రిడ్జ్‌పోర్ట్ వంటి శ్వేతజాతి పేటలు, వాటి వెనుక పశువుల కబేళాలు. కొమిస్కీ పార్కు ఈ వీధికి కొద్ది అడుగుల పడమరగా, అంటే శ్వేతజాతివారి వైపున ఉంది. కాబట్టి దక్షిణ భాగపు జట్టు అన్నంతమాత్రాన అది నల్లజాతీయుల జట్టు కాలేదు. ఆట చూడదలచిన నల్లజాతి ప్రేక్షకుడు ముందు వెంట్‌వర్త్ దాటాలి.

దాటడమంటే ఏమిటో 1919 జూలైలో తేలింది. ఆ నెల 27న మిషిగన్ సరస్సులో ఈదుతున్న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రవాడు 29వ వీధి ఒడ్డు దగ్గర ఎవరూ గీయని గీతను దాటాడు. ఒక శ్వేతజాతీయుడు రాళ్లు విసిరాడు, కుర్రవాడు మునిగిపోయాడు. తరువాత జరిగిన అల్లర్లలో 38 మంది మరణించారు. వారిలో 23 మంది నల్లజాతీయులు, 15 మంది శ్వేతజాతీయులు. కబేళాల్లో పని ముగించుకుని శ్వేతజాతి పేటల మీదుగా ఇంటికి వెళుతున్న నల్లజాతి కూలీలను ట్రామ్ బండ్ల నుంచి లాగి కొట్టారు. బేస్‌బాల్ చరిత్రలో 1919 అనగానే వైట్ సాక్స్ ఆటగాళ్లు జూదగాళ్లకు అమ్ముడుపోయిన కుంభకోణమే గుర్తుకువస్తుంది. నా దృష్టిలో ఆ ఏడాది ఆ నగరానికి అసలు విషాదం మైదానం బయటే జరిగింది.

అల్లర్లపై విచారించిన సంఘం 1922లో ప్రకటించిన నివేదిక, శ్వేతజాతి యువకుల 'అథ్లెటిక్ క్లబ్బుల'ను వేలెత్తి చూపింది. పేరుకు అవి ఆటల సంఘాలు. పేట సరిహద్దుకు కాపలా కాయడం, ఎన్నికల్లో పని చేయడం కూడా వాటి వ్యాపకమే. బ్రిడ్జ్‌పోర్ట్‌లోని హ్యాంబర్గ్ క్లబ్బు సభ్యుడు రిచర్డ్ డేలీ తరువాత 1955 నుంచి 1976 వరకు నగర మేయరు. ఆయన వైట్ సాక్స్‌కు వీరాభిమాని. సభ్యత్వాన్ని బట్టి ఆయనను దోషిగా నిర్ణయించడం చరిత్రకారుల పని కాదు. కాని ఆట, పేట, రాజకీయం ఒకే గదిలో కూర్చునేవని మాత్రం గమనించండి.

మరి నల్లజాతీయుల సొంత ఆట ఎక్కడ? వైట్ సాక్స్ 1910లో విడిచిపెట్టిన పాత మైదానంలో! 39వ వీధిలో, వెంట్‌వర్త్ పక్కనే ఉన్న ఆ కొయ్య మైదానంలో 1911 నుంచి రూబ్ ఫాస్టర్ నడిపిన షికాగో అమెరికన్ జెయింట్స్ జట్టు ఆడింది. గొప్ప బౌలర్ అయిన ఫాస్టర్ (బేస్‌బాల్‌లో పిచర్ అంటారు) 1920లో నీగ్రో నేషనల్ లీగ్‌ను స్థాపించాడు. 1933 నుంచి ఆ లీగుల మేటి ఆటగాళ్ల ఈస్ట్-వెస్ట్ పోటీ ఏటా కొమిస్కీ పార్కులోనే జరిగేది. ఆటగాళ్లను నల్లజాతి పత్రికల పాఠకులు ఓట్లతో ఎన్నుకునేవారు. 1943లో 50 వేలమందికి పైగా వచ్చారు. మైదానం యజమానికి అద్దె ముట్టింది. ఆ రోజుకు మైదానం మాత్రం నల్లజాతీయులదే. దక్షిణ రాష్ట్రాల్లో ఓటుకు నోచుకోని బంధువులున్న ఆ పాఠకులు పత్రికలోని బ్యాలెట్‌ను కత్తిరించి పంపడాన్ని ఆటవిడుపుగా మాత్రమే చూడలేం.

ఇప్పుడు ఇంతకుముందు చెప్పిన సగం నిజం సంగతికి వద్దాం. 1947లో బ్రూక్లిన్ జట్టు జాకీ రాబిన్సన్‌ను ఆడించి వర్ణ నిషేధాన్ని ఛేదించింది. మే 18, ఆదివారం నాడు ఆయన మొదటిసారి షికాగోలో ఆడినది ఉత్తర భాగపు రిగ్లీ ఫీల్డ్‌లో. 46,572 మంది వచ్చారు. నల్లజాతి కుటుంబాలు పండుగకు వచ్చినట్లు ముస్తాబై దక్షిణం నుంచి తరలివచ్చాయి. అదే జూలై 5న కొమిస్కీ పార్కులో క్లీవ్‌ల్యాండ్ తరఫున లారీ డోబీ రంగప్రవేశం చేశాడు. అంటే ఆ ఏడాది వారి అభిమానం షికాగో జట్లలో దేనికీ కట్టుబడలేదు. సొంత నగరపు జట్లు ఆలస్యంగానే కదిలాయి. సాక్స్‌లో నల్లజాతి క్యూబన్ మిన్నీ మినోసో 1951లో, కబ్స్‌లో ఎర్నీ బ్యాంక్స్ 1953లో వచ్చారు. బ్యాంక్స్ 512 హోం రన్లు కొట్టి 'మిస్టర్ కబ్' అనే పేరు పొందాడు. ఉత్తర భాగపు జట్టుకు ముఖచిత్రమైన ఆ వ్యక్తి, ఆ పేటల్లో చాలాచోట్ల ఇల్లు కొనుక్కోవడం సులభం కాని జాతివాడు.

తరువాతి రోజుల్లో సరిహద్దును కాంక్రీటుతో కట్టారు. 1960ల ఆరంభంలో డాన్ రయన్ ఎక్స్‌ప్రెస్‌వే వెంట్‌వర్త్ పక్కగానే వచ్చింది. దానికి తూర్పున రాబర్ట్ టేలర్ హోమ్స్ అనే 28 బహుళ అంతస్తుల ప్రభుత్వ గృహ సముదాయం లేచింది. శ్వేతజాతి కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. వారిలో చాలామంది సాక్స్ అభిమానాన్ని వెంట తీసుకుపోయారు. ఆటకు కార్లలో వస్తారు, ఆట కాగానే వెళ్లిపోతారు.

1988లో జట్టు యాజమాన్యం ఫ్లోరిడాకు వెళతామని బెదిరించింది. కొత్త మైదానానికి ప్రభుత్వ సొమ్ము ఇస్తూ ఇల్లినాయ్ శాసనసభ జూన్ 30 రాత్రి చట్టం చేసింది. 1991లో పాత పార్కుకు ఎదురుగా, 35వ వీధికి ఆవలిపక్క కొత్తది వెలిసింది. దానికి చోటు కోసం సౌత్ ఆర్మర్ స్క్వేర్‌లోని నల్లజాతి కుటుంబాల ఇళ్లను కూల్చారు. నివాసులు కోర్టుకెళ్లినా నిర్మాణం ఆగలేదు. పాత మైదానాన్ని కూడా పడగొట్టి ఆ స్థలాన్ని కార్లు నిలిపే చోటుగా మార్చారు. అక్కడ పాత హోం ప్లేట్ ఎక్కడుండేదో తెలిపే పాలరాతి ఫలకం ఒకటి నేలలో అమర్చారు. అభిమానులు దానిముందు నిలబడి ఫోటోలు తీసుకుంటారు.