నల్లమల పులులు

నంద్యాల, ఆళ్లగడ్డలకు తూర్పున నిలిచిన నల్లమల పెద్దపులికీ చిరుతకూ తరతరాల నెలవు. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో పులిని చంపితే సర్కారే బహుమతి ఇచ్చేది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ వేట నేరమైంది. 1983లో నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది.

ఇక్కడి మగ పెద్దపులి 200 కిలోలు దాటగలదు; మగ చిరుత సాధారణంగా 50–70 కిలోలే. వాగు ఒడ్డున తడి ఇసుక చూస్తే చాలు, పెద్దపులి అడుగుజాడ చిరుత జాడకు దాదాపు రెట్టింపు.

2023 మార్చిలో నంద్యాల జిల్లా పెద్దగుమ్మడాపురం దగ్గర తల్లి నుంచి తప్పిపోయిన నాలుగు పులికూనలు దొరికాయి. తల్లి జాడ తెలియక వాటిని తిరుపతి జూకు తరలించారు.