గ్లోమస్ కణితి

గోటి కింద ఎక్కువగా పుట్టే, క్యాన్సర్ కాని అరుదైన మృదు కణజాల గడ్డ. సాధారణంగా సెంటీమీటరుకు మించదు. నొప్పి మాత్రం ఆ పరిమాణానికి పొంతన లేనిది. వేలికి చన్నీళ్లు తగిలినా, దుప్పటి అంచు రాసుకున్నా ప్రాణం విలవిల్లాడుతుంది. పైకి కనిపించేది మహా అయితే నీలిరంగు మచ్చ, కాదంటే గోటి మీద నిలువు చార.

గ్లోమస్ అంటే లాటిన్‌లో ఉండ. సన్నని ధమని కేశనాళికల దాకా పోకుండా నేరుగా సిరలో కలిసేచోట చర్మంలో ఉండే రక్తనాళాల చుట్ట ఇది. వేలికొసల్లో ఎక్కువ. చలికి, వేడికి తగ్గట్టు రక్తాన్ని మళ్లించడం దీని పని.

ఈ గడ్డ పెట్టే బాధను 1812లో విలియం వుడ్ ఎడిన్‌బరో వైద్య పత్రికలో వర్ణించాడు. 'చర్మం కింది బాధాకరమైన బుడిపె' అన్నాడే గాని అదెక్కడ పుడుతుందో చెప్పలేకపోయాడు. ఆ తర్వాత నూరేళ్లకు పైగా ఆ ముడి వీడలేదు.

వీడింది 1924లో, స్ట్రాస్‌బర్గ్‌లో. అక్కడి నరాల వైద్యుడు బారే (గిలాన్-బారే సిండ్రోమ్‌లోని బారే ఈయనే), రోగ నిర్ధారణ నిపుణుడు పియరీ మాసన్ కలిసి గోటి కింది గడ్డలను పరిశీలించారు. గడ్డలోని కణాలు, మామూలు గ్లోమస్‌లోని కణాలు ఒకే తీరున ఉన్నాయని మాసన్ సూక్ష్మదర్శినిలో గుర్తించాడు. ఒంట్లో ఉన్న నిర్మాణమే అదుపు తప్పి పెరిగిందన్నమాట! లియాన్ శస్త్రచికిత్స పత్రికలో వచ్చిన ఆయన వ్యాసం నిశితమైన పరిశీలనకు మంచి నమూనా. తర్వాత మాసన్ మాంట్రియల్ వెళ్లాడు. కణజాలానికి రంగులద్దే మాసన్ ట్రైక్రోమ్ పద్ధతీ ఆయనదే.

1942లో మార్గరెట్ ముర్రే, ఆర్థర్ పర్డీ స్టౌట్ అనే పరిశోధకులు గడ్డలోని కణాలను ప్రయోగశాలలో పెంచి చూశారు. గడ్డ వేళ్లకే పరిమితం కాదు. 1951లో జీర్ణాశయంలోని గ్లోమస్ కణితుల మీదా నివేదిక వచ్చింది. చెవి దగ్గర పుట్టే 'గ్లోమస్ జుగులారె'కు పేరు కలిసినా పుట్టుక వేరు. అది నాడీ సంబంధమైన పారాగాంగ్లియోమా.

గుర్తుపట్టే పరీక్షలు ఇంటి పనిముట్లంత సాదావి. 1944లో లవ్ అనే వైద్యుడు సూచించిన పద్ధతిలో గుండుసూది తలతో వేలంతా నొక్కుతారు. కచ్చితంగా ఒక్క చుక్క దగ్గరే రోగి కేక పెడతాడు. 1970లో హిల్‌డ్రెత్ చెప్పిన పద్ధతిలో బీపీ పట్టీ బిగించి చేతికి రక్తం ఆపితే నొప్పి మాయమవుతుంది. ఇప్పుడు ఎంఆర్ఐ ఉంది. వేళ్లలో ఒకటికి మించి గడ్డలుంటే న్యూరోఫైబ్రోమాటోసిస్ ఒకటో రకం అనే జన్యువ్యాధిని అనుమానిస్తారు.

మందులకు లొంగదు. గోరు ఎత్తి, గడ్డను మొత్తంగా తీసేస్తారు; ముక్క మిగిలితే నొప్పి మళ్లీ వస్తుంది.