రాయలవారి మేనిఛాయ

బళ్లారి ఎండను గూర్చి ఈ సంచిక పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు. ఉద్యోగరీత్యా కోస్తా నుండి వచ్చినవారు మొదటి వేసవికే ఒక ఛాయ తగ్గుదురు. నిరుడు మా అమ్మాయి బడిలో పరుగుపందెమునకు పేరు ఇయ్యలేదు. కారణ మడిగితే, "నల్లబడతాను నాన్నా, అవ్వ కోప్పడుతుంది" అన్నది. ఆ మాట మా మనస్సులో చాలా దినములు మెదలినది.

హంపి మనకు సుమారు 60 కిలోమీటర్లు. 2021లో విజయనగర జిల్లాగా వేరుపడినది గాని, అంతకుముందు మన జిల్లాలోనిదే. అక్కడి రాజులను కన్నులార చూచి, వారి ఛాయను సైతము వ్రాసిపెట్టిన విదేశీయులు ఇద్దరున్నారు. 1443లో హీరాత్ నుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ రెండవ దేవరాయలను చూచినాడు. సన్నని దేహము, కొంచెము పొడవు, చెక్కిళ్లపై నూనూగు. రంగు ఆలివుకాయ రంగు. మన మాటలో చామనఛాయ అనవచ్చును. చూడముచ్చటగా ఉన్నాడనే అతని అభిప్రాయము. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసువాడు పేస్, కృష్ణదేవరాయలు తెల్లని ఛాయవాడనీ, మధ్యరకపు ఎత్తనీ, కొంత లావనీ, ముఖమున మశూచి మచ్చలున్నవనీ వ్రాసినాడు. రాయలు తెల్లవారకమునుపే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించి, చెమటతో ఆ నూనె దిగువరకు కత్తి సాము చేసి, మల్లునితో కుస్తీ పట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి మైదానమున తిరిగెడివాడట. రాయలకు పేరు తెచ్చినది ఆ సాము గాని ఛాయ కాదు.

నువ్వులనూనె మాట వచ్చినది గనుక ఇంకొకటి. 13వ శతాబ్దాంతమున తమిళ తీరమును చూచిన మార్కోపోలో, అక్కడ ఎంత నలుపైతే అంత మెప్పనీ, పసిబిడ్డలకు వారము వారము నువ్వులనూనె రుద్ది ఇంకను నలుపు చేయుదురనీ, దేవతలను నల్లగా, దయ్యములను తెల్లగా చిత్రింతురనీ వ్రాసినాడు. మన ద్రౌపదికి కృష్ణ యనియే పేరు గదా!

మరి ఈ తెలుపు మోజు ఎక్కడిది? తెల్లదొరల పాలన దానిని పెంచినదనుట నిజమే గాని, అంతకుముందే నీడపట్టున కూర్చుండువానికి ఒక గౌరవ మున్నది. ఎండలో పొలము దున్నువాడు నల్లబడును. లెక్కలు వ్రాయువాడు నల్లబడడు. మేము బుకింగు కిటికీ వెనుక ఉండువారము. పెండ్లిచూపులలో "అబ్బాయి ఎరుపు" అని మామగారు మెచ్చుకొనిరట. అది మా గొప్ప కాదు, కిటికీ గొప్ప. పట్టాలపై పనిచేయు మా తోటి గ్యాంగ్‌మన్‌కు ఆ మాట ఎవరందురు?

ఐరోపాలోను ఒకప్పుడు ఇంతే. దొరసానులు గొడుగు లేక బయలుదేరెడివారు కారు. పిమ్మట కూలిజనము ఫ్యాక్టరీల పైకప్పుల క్రిందికి పోయినది. 1920 ప్రాంతమునుండి సముద్రతీరమున ఎండ కాచుకొని కమిలిన ఒళ్లే అక్కడ తీరికకు, కలిమికి గుర్తైనది. వారు నలుపుకై ఎండలో పండుకొనుచుండగా, ఇక్కడ 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము వచ్చినది. 2020లో దాని పేరులో ఫెయిర్ పోయి గ్లో వచ్చినది. మా వీధి అంగడిలో ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుదురు.

ఇదంతయు ఒక రాత్రి భోజనమువేళ మా అమ్మాయికి చెప్పితిమి. మార్కోపోలో మాటకు మా అమ్మ నవ్వి, "మాకు నూనె రుద్దినది నలుపుకు కాదులే, ఎముక గట్టిపడుటకు" అన్నది. ఈ యేడు పిల్ల పందెమునకు పేరు ఇచ్చినది. పరుగునాడు అవ్వ గొడుగు పట్టుకొని మైదానమునకు వచ్చి కూర్చున్నది; గొడుగు తనకే వేసికొన్నది.