షికారు బూట్ల వెనక కథ

మీ ఇంట్లో అటక మీద ఏముంటాయి చెప్పండి? పాత ఇత్తడి బిందెలు, పిల్లల ఊయల, ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన డబ్బాలు. మా పుట్టింటి అటక మీద మాత్రం ఒక జత తోలు బూట్లుండేవి. మా తాతగారివి. కోరుట్ల దగ్గర పల్లెలో ఆయన పట్వారీగిరీ చేసిన రోజుల్లో షికారుకు తొడుక్కునేవారట. చిన్నప్పుడు ఆ బూటును ఒంటి చేత్తో ఎత్తడం నా వల్లయ్యేది కాదు.

అంత బరువెందుకంటారా? జగిత్యాల, సిరిసిల్ల వైపు గుట్టల మీద నడిచినవారికి తెలుస్తుంది. రాళ్ళకు అంచులుంటాయి. తుమ్మముల్లు సన్నని అట్టను దాటి అరికాల్లో దిగుతుంది. ఇక పాముల సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని అడుగున బర్రెతోలు రెండు మూడు వరసలు వేసి, తోలు వారుతోనే కుట్టేవారు.

ఆ తోలు తయారవడానికి వారాలు పట్టేది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానేసి, వెంట్రుకలు గీకి, ఆపైన తంగేడు చెక్క వేసిన లందలో ఊరనిచ్చేవారు. బతుకమ్మలో మనం ముందుగా పేర్చే తంగేడు పువ్వు ఉంది చూశారూ, ఆ చెట్టు బెరడే ఇది. బెరడులోని వగరు తోలుకు పట్టి కుళ్ళకుండా కాపాడుతుంది. ఏటా ఆముదం రాస్తే మెత్తగా ఉంటుంది. లంద వాసన భరించలేక మనవాళ్ళు మాదిగవాడను ఊరి బయట పెట్టారని అంటారు గాని, ఆ తోలు లేకుండా ఊళ్ళో మోట నడిచేది కాదు, అరక సాగేది కాదు.

షికారు అప్పట్లో గొప్పింటి ముచ్చట. 1869 నుంచి 1911 దాకా ఏలిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పులివేటకు పేరుమోసినవాడు. 1902లో వైస్రాయి కర్జన్ దంపతులు పులి వేటకు వస్తే, రాజా దీన్‌దయాళ్ ఫోటోలు తీశాడు. పెద్ద దొరల్ని చూసి చిన్న దొరలకూ సరదా పుట్టింది. కాన్పూరులో సైన్యానికి బూట్లు చేసే కూపర్ అలెన్ కంపెనీ ఉన్నా, పల్లె దొరకు అంత దూరం ఎందుకు? ఊళ్ళోనే కుట్టేవాడున్నాడు కదా!

ఒకసారి మా నాయనమ్మను అడిగాను: "నాయినమ్మా, వీటికి తాత ఎంతిచ్చిండు?"

"ఇచ్చుడేంది బిడ్డా? అది వెట్టి. ఏడాదికింత అని చెప్పులు, మోటకు తొండం, వార్లు తెచ్చియ్యాలె. అప్పుడట్లనే ఉండె" అన్నదామె, వక్క కొరుకుతూ.

నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తరవాత పుచ్చలపల్లి సుందరయ్యగారు 1972లో తెలంగాణా పోరాటం మీద రాసిన పుస్తకం చదివితే, తోలుపని చేసేవారు భూస్వాములకు చెప్పులూ, మోట సామానూ ఊరికే ఇవ్వవలసి వచ్చేదని అందులోనూ ఉంది. అంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదన్నమాట. అయినా మా ఇంటి కథ కాకుండా పోలేదు.

వేటకు ముందు పొదలు కొట్టి, డప్పు వాయించి, జంతువును తరిమేది ఎవరనుకున్నారు? వెట్టికి పిలిచిన ఊరివాళ్ళే. దొర బూట్లతో వెనక, వీళ్ళు వట్టి కాళ్ళతో ముందు. ఇంకో విడ్డూరం వినండి. చెప్పులు కుట్టే మనిషి గడీ ముందునుంచి పోవాలంటే తన చెప్పులు విప్పి చేతబట్టుకోవాలి. 1955లోనే అంటరానితనం నేరమని చట్టమొచ్చింది, 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టమూ వచ్చింది. చట్టం హైదరాబాదు నుంచి పల్లెకు చేరడానికి మన ఎర్రబస్సు కంటే ఆలస్యమవుతుంది.

1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో వేలమంది రైతుకూలీలు వెట్టి పోవాలి, కూలి పెరగాలి, భూమి కావాలి అంటూ ఊరేగారు. జగిత్యాల జైత్రయాత్ర అని దానికి పేరు. ఊళ్ళల్లో దొరల ఇళ్ళకు పనికి పోవడం మానేశారు. ఆ అక్టోబరులోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించి పోలీసు క్యాంపులు పెట్టారు. ఆ రోజుల్లోనే మా తాతగారు పట్నం చేరారు. బూట్లూ ఆయనతో వచ్చాయి.

వేట 1972 వన్యప్రాణి చట్టంతో అంతకుముందే ఆగవలసినది. మోటలు కరెంటు మోటార్లతో పోయాయి, తోలు చెప్పులను ప్లాస్టిక్ చెప్పులు తోసేశాయి. ఆరె, రంపె పట్టిన చేతులు వేరే కూలిపనులు వెతుక్కున్నాయి.

ఆ బూట్లు ఇప్పుడు నా దగ్గరున్నాయి. ఒక్క కుట్టు ఊడలేదు. వాటిని కుట్టినాయన పేరేమిటని నాయనమ్మను చివరి రోజుల్లో అడిగాను. చాలాసేపు ఆలోచించింది. తాతగారి వేటకుక్క పేరు మాత్రం చెప్పగలిగింది.