తెర మీద మన పేరు



ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు కోరినప్పుడు, ముప్పయ్యారేళ్ళు ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాకు రాయడానికేముంటుందని సందేహించాను. అప్పుడు గుర్తుకు వచ్చింది, 1980ల చివర మా ఆఫీసుకు వచ్చిన మొదటి కంప్యూటరు టెర్మినల్. నల్లని తెర, ఆకుపచ్చ అక్షరాలు. మా పేర్లన్నీ అందులో ఇంగ్లీషులోనే. "తెలుగు రాదా?" అని అడిగితే, "రాదండీ, అది అంతే" అన్నారు. ఎందుకంతే అన్నది రిటైరైన తరువాత తీరికగా చదివి తెలుసుకున్నాను. ఆ సంగతే మనవి చేస్తున్నాను.

కంప్యూటరు అనగానే లెక్కలు ఎంత వేగంగా చేస్తుందని అడుగుతాం. కాని తొలినాళ్ళలో తెర ఎంపికే పెద్ద చిక్కు. గాజు గొట్టపు తెర మీద వెలుగు, గచ్చు మీద నీళ్ళతో రాసిన అక్షరం లాంటిది. క్షణంలో ఆరిపోతుంది. నిలవాలంటే మళ్ళీ మళ్ళీ రాస్తూ ఉండాలి. ఏం రాయాలో గుర్తుంచుకునే మెమొరీ చిప్‌లు అప్పట్లో విపరీతమైన ఖరీదు. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కొక్కరు ఒక్కో దారి తొక్కారు.

1964లో ఐబీఎం ప్రకటించిన 2250 తెర గీతలను మాత్రమే గుర్తుంచుకునేది. ముగ్గు కర్ర వేసినట్టు గీత వెంట గీత గీసేది. ఇలాంటి తెరల మీద గీతలు ఎక్కువైతే చివరి గీత వేసేలోగా మొదటిది ఆరిపోయి, బొమ్మ మిణుకుమిణుకుమనేది.

1972లో వచ్చిన టెక్‌ట్రానిక్స్ 4010 ఖరీదు 4,250 డాలర్లు. దానిలో గీసిన గీతను తెరే నిలుపుకునేది, వేరే మెమొరీ అక్కరలేదు. ఇంజనీర్లకు చవకగా దొరికిన తెర. అయితే ఒక్క గీత చెరపాలన్నా పలక మొత్తం తుడవాల్సిందే.

1978 నాటి డెక్ కంపెనీ వీటీ 100 మూడో దారి. వరుసకు 80 అక్షరాలు, 24 వరుసలు, వెరసి 1,920. అక్షరానికి ఒక బైటు చొప్పున రెండు వేల బైట్లలోపే సరిపోయేది. అక్షరాల ఆకారాలు ముందే ఒక చిప్‌లో అచ్చు పోసి ఉండేవి. ఇంగ్లీషుకు ఇది చక్కగా అమరింది. మన 'స్త్రీ' అన్న అక్షరం చూడండి. 'స'కు పైన గుడి దీర్ఘం, కింద 'త' వత్తు, 'ర' వత్తు. ఆ చిన్న గడిలో ఇవన్నీ ఎక్కడ పడతాయి? నేనడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

నాలుగో దారి, తెరను చుక్కలుగా విడగొట్టి ప్రతి చుక్కనూ గుర్తుంచుకోవడం. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో తయారైన ఆల్టోలో అడ్డం 606, నిలువు 808 చుక్కలు. దాని మెమొరీ 128 కిలోబైట్లయితే, నిండు తెరకే దాదాపు సగం పట్టేది. జీతంలో సగం ఇంటద్దెకు పోయినట్టే! అయినా మెమొరీ ధర పడిపోతుందని వారు నమ్మారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు.

మన దేశస్థుడైన వినోద్ ఖోస్లా కూడా వ్యవస్థాపకుడిగా ఉన్న సన్ కంపెనీ 1982లో సన్-1 వర్క్‌స్టేషన్ తెచ్చింది. తెర మీద 1024 × 800, అంటే 8,19,200 చుక్కలు. 1970 నాటి చిప్ ఒక్కొక్కటి 1,024 చుక్కలనే దాచగలదు, కనుక 800 చిప్‌లు కావాలి. 1980ల తొలి సంవత్సరాల చిప్‌లైతే 13 చాలు. అదే 256 రంగులు కావాలంటే మెమొరీ ఎనిమిది రెట్లు. అందుకే కొనేవారు రాతపనికి నలుపు తెలుపుతో సరిపెట్టుకుని, రంగు తప్పనిసరైన పనికే రంగు తెర తీసుకునేవారు.

చుక్కకు భాషాభేదం లేదు. ఏ లిపినైనా చుక్కలతో గీయవచ్చు. 1988లో పుణేలో ఏర్పడిన సి-డాక్ వారి జిస్ట్ కార్డుతో మామూలు పీసీల మీద కూడా తెలుగు కనిపించింది. 1991లో భారతీయ లిపుల సంకేతాలకు జాతీయ ప్రమాణం, అదే ఏడు యూనికోడ్ వచ్చాయి.

ఇదంతా నాకెందుకంటారా? మా సెక్షన్ మిత్రుడు ఒకాయన కాలం చేశాక, ఆయన భార్య ఫ్యామిలీ పెన్షన్ ఏడు నెలలు ఆగింది. ఆమె పేరు సరస్వతి. ఒక కాగితంలో చివర 'టి', మరొక దానిలో 'టి హెచ్'. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. ఆమెతో పాటు నేనూ ఆ మెట్లు ఎక్కి దిగాను. "నా పేరు నాకు తెలియదంటున్నారు బాబూ" అని ఆమె అన్న మాట ఇప్పటికీ మరువలేను. అప్పటికి తెర మీద తెలుగు సాధ్యమే. ఆ ఆఫీసులో అలవాటు మాత్రం మారలేదు. ఆ అలవాటులో గుమాస్తాగా నాకూ వాటా ఉంది. నేనూ ఎన్నో పేర్లను తోచిన స్పెల్లింగుతో రాశాను.

కనుక మిత్రులకు మనవి. మీ పెన్షన్ ఉత్తర్వు, బ్యాంకు పుస్తకం, ఆధార్ పక్కపక్కన పెట్టుకుని, మీ పేరుతో పాటు మీ శ్రీమతి పేరు కూడా అక్షరం అక్షరం సరిచూసుకోండి. మనం ఉండగానే చేయవలసిన పని ఇది.