మంచము ప్రక్కన నిలుచువారి చదువు

విశాఖపట్టణము రేవులో పెద్ద క్రేను నడుపదలచినవానికి ముందు శిక్షణ, ఆ తరువాత పరీక్ష, ఆ పిదప యోగ్యతాపత్రము ఉండవలెను. ఉక్కు కర్మాగారములో కొలిమి వద్ద నిలుచువానికిని అంతే. టన్నుల బరువు నెత్తు యంత్రము పని తెలియనివాని చేతిలో పడరాదని అందరును ఒప్పుకొందురు. కాని చిక్కి శల్యమై, మంచము పట్టి, ప్రక్కకు ఒత్తిగిల్లలేని ఒక ముసలితల్లిని లేవనెత్తి కూర్చుండబెట్టు చేతులకు ఏ శిక్షణయు అక్కరలేదని మనము చాలకాలము అనుకొన్నాము. ఆ పని కూతురికి ప్రేమవలన వచ్చునని, కోడలికి కర్తవ్యమువలన వచ్చునని, కూలికి కుదిరిన ఆయాకు అలవాటువలన వచ్చునని మన నమ్మకము. ఈ నమ్మకము ఎట్లు ఏర్పడినదో, దానిని ఎవరు ప్రశ్నించినారో, ఆ ప్రశ్న మన పట్టణము వరకు ఎట్లు నడచివచ్చినదో నేటి ప్రసంగములో చెప్పదలచినాము.

రోగులను ఆదరించుట మనకు క్రొత్త కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వేయించిన మల్కాపుర శాసనము ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను పేర్కొనుచున్నది. ఈ మల్కాపురము మన నౌకాశ్రయము చెంతనున్న మల్కాపురము కాదు. గుంటూరు సీమలో, కృష్ణాతీరమున మందడము దాపుననున్నది. గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వరశివునికి ఇచ్చిన దానముల ఆదాయముతో అచ్చట మఠము, విద్యాలయము, అన్నసత్రము, వైద్యశాల ఒక్కచోటనే పోషింపబడినవి. అయినను అటుపిమ్మటి శతాబ్దములలో తెలుగునాట వృద్ధులకు, మరణాసన్నులకు దిక్కైనది ప్రధానముగా ఇల్లే. ఉమ్మడి కుటుంబములో ఒకరి చేయి అలసిన మరొకరి చేయి ఉండెడిది. పూర్వకాలమును పొగడువారు ఈ మాట చెప్పి ఆగిపోవుదురు. కాని ఆనాడు పండు ముసలితనము వరకు బ్రతికినవారే తక్కువ. కలరాయో, మశూచియో, విషజ్వరమో కొలది దినములలోనే సంగతి తేల్చివేసెడిది. నెలల తరబడి, ఏండ్ల తరబడి మంచముపై సాగు వ్యాధి ఇంటింటి సమస్యయైనది ఇటీవలి కాలమునందే. నవీన వైద్యము మన ఆయుర్దాయమును పెంచినది; ఆ పెరిగిన ఏండ్లను ఎవరు మోయవలెనో చెప్పలేదు.

మన పట్టణములో కింగ్ జార్జి ఆసుపత్రి 1923లో వెలసినది. వైద్యకళాశాలయు ఆ సంవత్సరమే ప్రారంభమై, 1940లో ఆంధ్ర వైద్యకళాశాల అను పేరు దాల్చినది. శ్రీకాకుళము మొదలు కోరాపుట్టు వరకు రోగులు ఈ కొండమీది ఆసుపత్రికే చేరుచు వచ్చినారు. ఇచ్చట వైద్యులు తయారైనారు, నర్సులు తయారైనారు. వారు నేర్చినది ప్రధానముగా స్వస్థపరచు విద్య. స్వస్థత లేదని తేలిన రోగికి చెప్పవలసిన మాట మన ఆసుపత్రులన్నిటిలోను ఒక్కటే: “ఇంటికి తీసుకొనిపొండి.” ఆ మాటలో కఠినత్వము ఉండనక్కరలేదు. చెప్పు వైద్యుని కంఠము గద్గదమైన సందర్భములును ఉండును. కాని ఇంటికి తీసుకొనిపోయి ఏమి చేయవలెనన్నది ఏ పాఠ్యగ్రంథములోను లేకుండెను.

ఈ లోటును లోకమునకు ఎత్తి చూపినది ఇంగ్లండులో ఒక స్త్రీ. ఆమె పేరు సిసిలీ సాండర్సు. ఫ్లారెన్సు నైటింగేలు 1860లో లండను సెయింటు థామసు ఆసుపత్రిలో నెలకొల్పిన పాఠశాలలోనే, రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆమె నర్సుగా తయారైనది. నడుమునొప్పి వలన బరువులెత్తు పని మానుకొని, ఆసుపత్రిలో రోగుల కుటుంబముల యోగక్షేమములు విచారించు ఉద్యోగములో చేరినది. 1948లో డేవిడ్ టాస్మా అను పోలండు దేశపు యూదుడొకడు క్యాన్సరుతో ఆమె సంరక్షణలో కన్నుమూసినాడు. బంధువులు లేని ఆ మనిషి, ఆమె కట్టదలచిన గృహములో ఒక కిటికీ కొరకని 500 పౌనులు వ్రాసియిచ్చి పోయినాడు. నర్సు మాట వైద్యులు వినరని గ్రహించి, ఆమె మరల విద్యార్థినియై వైద్యము చదివి 1957లో పట్టము పొందినది. 1967లో సెయింటు క్రిస్టఫర్సు ఆశ్రమమును తెరచినది.

మరణాసన్నులకు ఆశ్రయము అంతకుముందు లేకపోలేదు. డబ్లిను నగరమున క్రైస్తవ సన్యాసినులు 1879లోనే అట్టిదానిని నడపిరి. సాండర్సు చేసిన క్రొత్త పని ఏమనగా, దయను విద్యగా మార్చుట. నొప్పి భరింపరానంత పెరిగిన పిదప రోగి బ్రతిమాలగా మందిచ్చు పద్ధతిని ఆమె త్రోసివేసినది. నొప్పి తిరుగబెట్టక మునుపే, గడియారము చూచి, కొలతప్రకారము మార్ఫీను నోటి ద్వారా ఇచ్చినచో రోగి మత్తులో పడియుండడని, తనవారితో మాటలాడుచు, తినుచు, తుదిదినములు గడపునని రోగుల వృత్తాంతములు వ్రాసిపెట్టి నిరూపించినది. దేహబాధ ఒక్కటే బాధ కాదు. భయము, అప్పులు, పెండ్లి కావలసిన బిడ్డ, దైవముతో కలహము ఇవియన్నియు కలసి ఒక్క వేదనయగునని బోధించినది. ఆ ఆశ్రమములో ఆదినుండియు చికిత్సతోపాటు బోధన సాగినది. ఇతర దేశముల వైద్యులు, నర్సులు వచ్చి నేర్చుకొని పోయినారు.

మన దేశమున మొదటి ఆశ్రమము, శాంతి ఆవేదనా సదనము, 1986లో బొంబాయిలో వెలసినది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్యసంస్థ క్యాన్సరు నొప్పికి మెట్లవారీ చికిత్సాక్రమమును ప్రకటించినది. దాని పైమెట్టున ఉన్నది మార్ఫీనే. ఇక విధివిలాసము చూడుడు. అంతకు ఒక్క ఏడాది ముందు, 1985లో, మన పార్లమెంటు మాదకద్రవ్యముల చట్టమును చేసినది. దొంగవ్యాపారమును అరికట్టుటకు చేసిన ఆ చట్టము క్రింద ఒక్కొక్క రాష్ట్రములో పలు అనుమతిపత్రములు, పలు కార్యాలయములు, గడువు తీరిన కాగితములు. శిక్షలకు జడిసి మందుల దుకాణములు మార్ఫీనును ఉంచుట మానివేసినవి. తరువాతి పదునైదేండ్ల లోపల దేశములో వైద్యమునకై దాని వాడుక తొంబది శాతమునకు మించి పడిపోయినది. మధ్యప్రదేశ, రాజస్థాన, ఉత్తరప్రదేశములలో ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండుచునే ఉన్నది. ఘాజీపూరు, నీమచ్ కర్మాగారములలో శుద్ధియగుచునే ఉన్నది. విదేశములకు ఎగుమతియగుచునే ఉన్నది. పండించిన దేశపు రోగి మాత్రము గోడకు తల కొట్టుకొనుచుండెను.

2014లో ఆ చట్టమును సవరించినారు. మార్ఫీనుతో కలిపి ఆరు మందులను అత్యవసరములుగా నిర్ణయించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థ ఏదైనను ఒక్క అనుమతితో వానిని ఉంచుకొనవచ్చునన్నారు. అయితే ఆ గుర్తింపునకు ఒక నియమము కలదు. నొప్పినివారణలోను, ఉపశమన చికిత్సలోను శిక్షణ పొందిన వైద్యుడు ఒక్కడైనను అచ్చట ఉండవలెను. మా అభిప్రాయములో కథకు కీలకము ఇచ్చటనే ఉన్నది. చట్టము సడలినది, మందు చౌక, కాని శిక్షణ పొందిన మనిషి లేనిచోట మందు లేదు. వైద్యుడు మందు వ్రాసియిచ్చినను, “ఇది అలవాటై పోవును, ప్రాణము తీయును” అని ఇరుగుపొరుగులు బెదిరించిన, సీసా అలమరలోనే ఉండిపోవును. ఆ భయమును తీర్చు నర్సు ఇంటికి రావలెను.

ఇంటికి నర్సు వచ్చు ఏర్పాటు నిజముగా చేసి చూపినవారు మలయాళీలు. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో డాక్టరు ఎం. ఆర్. రాజగోపాల్, డాక్టరు సురేశ్ కుమార్ మొదలగువారు ఒక చిన్న సంఘముగా ఏర్పడినారు. కొలది కాలములోనే వారికి తెలిసివచ్చినదేమనగా, ఆసుపత్రికి రాగలిగిన రోగి కంటె రాలేనివాడే ఎక్కువ బాధపడుచున్నాడు. అందుచేత ఊరివారికే పని నేర్పినారు. బడిపంతులు, ఆటో నడుపువాడు, కళాశాల విద్యార్థి ఎవరైనను పదునారు గంటల పాఠములు విని, నాలుగు దినములు అనుభవజ్ఞుల వెంట రోగుల ఇండ్లకు తిరిగినచో స్వచ్ఛందసేవకుడు కావచ్చును. వైద్యులకు, నర్సులకు ఆరు వారముల శిక్షణ. సహాయక నర్సులకు మూడు నెలలు. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని రాష్ట్రవిధానముగా స్వీకరించగా, పంచాయతీలు తమ నిధులతో నర్సులను నియమించుకొన్నవి. పదునారు గంటలు! మన ఇండ్లలో ఒక సినిమా వారము గడచునంత కాలము.

తెలుగునాట ఈ విద్యకు బడియైనది హైదరాబాదులో ఎర్రకొండలమీది మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి. 1955లో పుట్టిన ఆ ఆసుపత్రిలో, ఈ శతాబ్దపు తొలి దశకములో డాక్టరు గాయత్రీ పాలట్ గారు ఉపశమన చికిత్సావిభాగమును నెలకొల్పి, వైద్యులకును నర్సులకును శిక్షణ ప్రారంభించినారు. పిల్లల నొప్పిని గూర్చి కూడ అచ్చట ప్రత్యేకముగా నేర్పినారు. తరువాత తెలంగాణము జిల్లా ఆసుపత్రులలో ఈ కేంద్రములను తెరచినది. బొంబాయి టాటా స్మారక ఆసుపత్రిలో ఈ శాస్త్రమున ఎం. డి. పట్టము 2012లో ఆరంభమైనది. ఆ టాటా సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి ఇప్పుడు మన ఉక్కునగరము చేరువనే, అగనంపూడిలో ఉన్నది.

వృద్ధుల పరిచర్య విషయములో చట్టములు, పథకములు వరుసగానే వచ్చినవి: 1999లో జాతీయ విధానము, 2007లో తల్లిదండ్రుల పోషణచట్టము, 2010లో వృద్ధుల ఆరోగ్యపథకము. మదరాసు వైద్యకళాశాలలో వృద్ధవైద్యమున ఎం. డి. 1996లోనే వచ్చినది. వీని వివరములు పత్రికలలో దొరకును. పోషణచట్టమును గూర్చి ఒక్క మాట: అది కుమారుని చేత ధనము ఇప్పించగలదు, ధనముతో కుదిరిన మనిషికి పని నేర్పలేదు. ఆ లోటును కొంత గుర్తించి, ఢిల్లీలోని జాతీయ సామాజిక రక్షణ సంస్థ 2000 నుండి వృద్ధపరిచారకులకు శిక్షణలు నడుపుచు వచ్చినది. 2011 జనాభా లెక్కలలో దేశమున అరువదేండ్లు నిండినవారు పది కోట్లు దాటినారు. ఆ శిక్షణలు పొందినవారిని ఆ సంఖ్య ప్రక్కన పెట్టిన సముద్రములో కాకిరెట్ట.

మన పట్టణమునకు ఈ ప్రశ్న మరింత దగ్గరిది. 1933లో రేవు తెరచినప్పుడును, 1941లో నౌకానిర్మాణశాల వచ్చినప్పుడును, 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినప్పుడును ఈ ఊరికి వచ్చినవారు యువకులు. పల్లెలో తల్లిదండ్రులను విడచి, వారి మంచము ప్రక్కన ఎవరున్నారో తెలియకనే ఇచ్చట జీవితము గడపినవారు పలువురు. ఎనుబదవ దశకములో ఉక్కు కర్మాగారములో చేరిన తరము ఇప్పుడు విశ్రాంతవేతనముపై ఉన్నది. వారి బిడ్డలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, కాలిఫోర్నియాలోనో ఉన్నారు. స్థిరోద్యోగము చేసినవానికి సంస్థ ఆసుపత్రి కలదు. దినకూలికి బస్తాలు మోసిన కళాసీకి ఏమున్నది? డాబాగార్డెన్సులోని ప్రేమ సమాజము వంటి సంస్థలు అనాథలకును వృద్ధులకును నీడనిచ్చుచున్నవి. కాని నీడ వేరు, నిపుణత వేరు.

ఆ నిపుణత ఏమిటని శ్రోతలు అడుగవచ్చును. వినుటకు స్వల్పముగానే ఉండును. కదలలేని రోగిని సుమారు రెండు గంటలకొకసారి ప్రక్క మార్చవలెను; లేనిచో నడుము క్రింద, మడమల వద్ద, భుజముల వద్ద పడకపుండ్లు పడును. మార్చునప్పుడు ఈడ్వరాదు, చర్మము చీలును. దుప్పటి మడచి దానితో ఎత్తవలెను. మార్ఫీను ఇచ్చు రోగికి మలబద్ధకము తప్పదు గనుక దానికి మందు మొదటి దినము నుండియే వైద్యునిచే వ్రాయించుకొనవలెను. మ్రింగలేని వానికి బలవంతముగా పాలు పోసిన ఊపిరితిత్తులలోనికి పోవును. తుదిదినములలో ఆకలి చచ్చుట దేహధర్మము, తడిగుడ్డతో పెదవులు, నాలుక తడుపుచుండిన చాలును. అన్నము పెట్టకుండ చంపితిమన్న అపరాధభావము ఎన్ని ఇండ్లను కాల్చినదో! ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పు మనిషి ఉండియున్నచో ఆ అపరాధభావము చాల ఇండ్లలో తలయెత్తెడిది కాదు. ఇంకొకటి, వినుట. “నాకు ఏమైనది?” అని రోగి అడిగినప్పుడు మాట మార్చక, అతడు ఎంత తెలిసికొనగోరుచున్నాడో అంతయే మెల్లగా చెప్పుట. అన్నిటికన్న కష్టమైన పాఠము అదియేనని నేర్పువారు చెప్పుదురు. సేవచేయు మనిషికి వారమునకొక రాత్రియైనను నిద్రయుండవలెననునది కూడ పాఠములోని భాగమే.

ఇవి వైద్యకళాశాల గోడల నడుమనే ఉండవలసిన రహస్యములు కావు. 2018 నుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములు, ఉపకేంద్రములు అందించవలసిన పండ్రెండు విధముల సేవలలో వృద్ధుల సేవను, ఉపశమన సేవను చేర్చినారు. ఆశా కార్యకర్తకు, నర్సుకు, వైద్యాధికారికి వేరువేరుగా శిక్షణపుస్తకములు వెలువడినవి. 2021లో సవరించిన నర్సింగు పట్టపు పాఠ్యక్రమములోను ఈ రెండు విషయములకు స్థానము లభించినది.

కింగ్ జార్జి ఆసుపత్రి నుండి పాడేరు మన్యమునకు కొండదారిన చాలసేపటి బస్సు ప్రయాణము. “ఇంటికి తీసుకొనిపొండి” అను మాట విని ఆ బస్సు ఎక్కిన రోగి, దిగిన పిదప నడచిపోవలసిన గూడెములో చదువుకొన్న వైద్యుడు ఉండడు. ఉన్నది ఆశా కార్యకర్త ఒక్కతె. బాలింతలను, పసిబిడ్డల టీకాలను, మలేరియా రక్తపరీక్షలను చూచుకొను ఆమె సంచిలో ఇప్పుడు మరియొక పుస్తకము చేరినది. దానిని ఆమెకు ఎన్ని గంటలు నేర్పినారు, ఎవరు నేర్పినారు, నేర్పినవారు ఏ రోగి మంచము ప్రక్కన నిలిచి నేర్పినారు అనునవి ఆరోగ్యశాఖవారిని మనము ఇకమీద అడుగవలసిన ప్రశ్నలు.