కచేరీ నుంచి కోర్టు దాకా

చేజర్లలో ఒక రాత్రి బస్సు దిగుతూ ఒక ముసలిరైతు నాతో అన్న మాట ఇది: "కలెక్టరు కచేరీలో దరఖాస్తిచ్చి, కోర్టు వాయిదా కనుక్కోని, ఆఖరు బస్సుకొచ్చినానయ్యా." ఈ ఒక్క వాక్యంలో ఇంగ్లీషు మాటలు మూడు, పారసీ, ఉర్దూల దారిన వచ్చినవి నాలుగు. ఆయన బడి ముఖం చూసినవాడు కాదు.

తెలుగులో మాటలు చాలక అరువు తెచ్చుకున్నామని కొందరంటారు. చదువుకున్నవాళ్ళ డాబని మరికొందరంటారు. ఈ రైతు విషయంలో రెండు వాదాలూ నిలవవు. జవాబు ఈ సీమ చరిత్రలోనే ఉంది. ఉదయగిరి దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు. తరువాత ఈ ప్రాంతం గోలకొండ సుల్తానులకూ, ఆపైన ఆర్కాటు నవాబులకూ చిక్కింది. దర్బారు భాష పారసీ. శిస్తు కట్టేవాడికి ఫసలీ, జమాబందీ తెలియక తప్పలేదు. 1801లో నెల్లూరు సీమ కంపెనీ పాలన కిందికి పోయింది. కంపెనీ ఆ పాత మాటలను తీసివేయలేదు. వాటి మీద కలెక్టరునూ, కోర్టునూ, సమన్లనూ పేర్చింది. ఈ కలగలుపు కోసమే సి.పి. బ్రౌను 1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రకటించాడు.

అయితే జనం ఈ మాటలను ఉన్నవున్నట్టు మింగలేదు. చివర ఉకారం తగిలించి, 'లు' చేర్చి, విభక్తి తొడిగారు: కోర్టు, కోర్టులు, కోర్టుకు. హాస్పిటల్ ఆసుపత్రి అయింది. ఇది భాషకున్న జీర్ణశక్తి. వలస పాలన నడిచిన ఇతర చోట్లా ఇంతే. 1842లో బ్రిటిషువారి చేత చిక్కిన హాంకాంగులో కాంటనీ భాషవారు బస్సును 'బాసీ' అని తమ గొంతుకు మలుచుకున్నారు. అక్కడ 1974 దాకా అధికారభాష ఇంగ్లీషొక్కటే.

కనుక నా తగాదా మాటలతో కాదు. ఆ రాత్రి ముసలాయన రొంటిన మడిచిన కాగితం తీసి, "కాస్త చదివి చెప్పయ్యా" అన్నాడు. తన పొలం మీద వచ్చిన ఉత్తరువు. అంతా ఇంగ్లీషు. దీపం కింద నిలబడి తెలుగు చేసి చెప్పాను. తెలుగును అధికారభాష చేస్తూ 1966లోనే చట్టం వచ్చింది. హైకోర్టు భాష మాత్రం నేటికీ ఇంగ్లీషే. 'కోర్టు' అన్న మాటను ఆ రైతు తన సొంతం చేసుకున్నాడు; కోర్టు రాసే కాగితం ఇంకా ఆయన సొంతం కాలేదు. భాషాభిమానులు పోట్లాడవలసింది ఆ కాగితం కోసం.